కొండనది పద్దుల పుస్తకం



మీలో బదరీ యాత్ర చేసి వచ్చినవారు చాలామందే ఉంటారు. చెయ్యనివారికి ఎప్పటికైనా వెళ్ళాలన్న కోరిక ఉండనే ఉంటుంది. హృషీకేశంలో బస్సెక్కింది మొదలు బదరీనాథ్ చేరేదాకా, సుమారు 300 కిలోమీటర్లూ నది మన పక్కనే ఉంటుంది. దేవప్రయాగ వరకూ ఆవిడ గంగ. అక్కడ భాగీరథి ఒకవైపు నుంచీ, అలకనంద ఒకవైపు నుంచీ వచ్చి కలుస్తాయి. ఆ పైన మన దారి అలకనంద వెంట. మనలో చాలామంది కిటికీలోంచి ఒకసారి కిందికి చూసి, గుండె ఝల్లుమని, కళ్ళు మూసుకుని, డ్రైవరు మీదా దేవుడి మీదా భారం వేసి కూర్చుంటాం.

మేం వెళ్ళినప్పుడు మా అత్తగారు మాత్రం కళ్ళు మూసుకోలేదు. శ్రీనగర్ దగ్గర బస్సు టీ కోసం ఆగింది. ఇది కాశ్మీరంలోని శ్రీనగర్ కాదు, గఢ్వాల్ రాజులకు ఒకప్పుడు రాజధానిగా ఉన్న ఊరు. అక్కడ రోడ్డు వెయ్యడానికి గట్టును నిలువునా కోసిన చోటు ఒకటుంది. ఆవిడ దాని ముందు నిలబడి, "అమ్మాయ్, ఇటు చూడు. నదేమో అంత దిగువన ఉంది. ఇన్ని గుండ్రాళ్ళను ఇంత ఎత్తుకు ఎవరు మోసుకొచ్చారే?" అని అడిగారు.

చూస్తే నిజమే. ఆ గట్టులో నున్నటి గుండ్రాళ్ళు, వాటి మీద ఇసుక, మళ్ళీ గుండ్రాళ్ళు, పొరలు పొరలుగా పేర్చినట్టు ఉన్నాయి. కొండ మీద నుంచి విరిగిపడ్డ రాయికి అంచులు పదునుగా ఉంటాయి. రుబ్బురోట్లో పొత్రం ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి నున్నబడ్డట్టు, రాయి నీళ్ళలో దొర్లి దొర్లి గుండ్రబడాలి. ఇంకో వింత కూడా ఉంది. అందులో పలకల్లాంటి రాళ్ళన్నీ పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒకేవైపు వాలి ఉన్నాయి. పారే నీరు రాళ్ళను అలాగే వాలుస్తుంది. అవి వాలిన తీరు చూసి నీరు ఎటునుంచి ఎటు పారిందో కూడా చెప్పవచ్చునట. అంటే అంత ఎత్తున ఒకప్పుడు నది పారిందన్నమాట!

ఆ రోజు అత్తగారికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక అక్కడా ఇక్కడా చదివి, తెలిసినవారిని అడిగి కొంత తెలుసుకున్నాను. అది మీతో చెప్పుకోవాలని ఈ ప్రసంగం. ఇదంతా పండితులు తేల్చుకోవలసిన విషయం, మనకెందుకు అనుకోకండి. పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని ఆ కొండల్లో రాత్రిళ్ళు నిద్రచేసేది మనమే. చివరికి వచ్చేసరికి ఇది మన విషయమే అని మీరే అంటారు.

ముందుగా నది చేసే పని ఏమిటో చూద్దాం. నది నీళ్ళను మోస్తుందని మనం అనుకుంటాం. కొండనది నీళ్ళతో పాటు కొండనే మోస్తుంది. మనం బియ్యం గాలిస్తాం చూడండి. చేటలో కాదు, గిన్నెలో నీళ్ళు పోసి. నీళ్ళు ఎక్కువ పోసి గిన్నెను చురుగ్గా ఆడిస్తే బియ్యం నీళ్ళతో పాటు పక్క గిన్నెలోకి జారుతుంది, రాళ్ళు అడుగున ఉండిపోతాయి. నీళ్ళు తగ్గించి నెమ్మదిగా ఆడిస్తే బియ్యం కూడా కదలదు. నది కూడా అంతే. వాలు ఎక్కువగా ఉండి నీరు పుష్కలంగా ఉంటే బండరాళ్ళను కూడా దొర్లించుకుపోతుంది. నీరు తగ్గినా, మోయలేనంత రాయీ మట్టీ పైనుంచి వచ్చిపడినా, బరువు దించేస్తుంది. ముందు పెద్ద రాళ్ళు, తరువాత గులకరాళ్ళు, ఆ తరువాత ఇసుక.

కనుక నదికి ఎప్పుడూ రెండు లెక్కలు. వచ్చిపడే సరుకు ఎంత, దాన్ని మోసే శక్తి ఎంత. సరుకు ఎక్కువైతే నది తన అడుగును తానే నింపుకుంటూ పైకి లేస్తుంది. శక్తి ఎక్కువైతే తాను నింపిన దాన్నే కోసుకుంటూ కిందికి దిగుతుంది. అలా దిగినప్పుడు పాత అడుగంతా కొట్టుకుపోదు. అటూ ఇటూ అంచుల్లో కొంత మిగిలిపోతుంది. దూరం నుంచి చూస్తే ఇంటి ముందు అరుగులా చదునుగా, ఎత్తుగా కనబడుతుంది. భూగోళం పుస్తకాల్లో వీటినే నదీ వేదికలు అంటారు. మనం అరుగులనే అనుకుందాం. అలకనంద లోయలో ఊళ్ళకు ఊళ్ళు, పొలాలు, బళ్ళు ఈ అరుగుల మీదే ఉన్నాయి. కొండల్లో చదును నేల మరెక్కడ దొరుకుతుంది?

మరి సరుకూ శక్తీ ఎందుకు మారుతాయి? ఇక్కడే పాతకాలపు వాతావరణం సంగతి వస్తుంది.

సుమారు 20 వేల సంవత్సరాల క్రితం భూమి ఇప్పటికంటే చాలా చల్లగా ఉండేది. దాన్ని చివరి మంచుయుగం అంటారు. హిమాలయాల్లో హిమానీనదాలు, అంటే కదిలే మంచు ప్రవాహాలు, ఇప్పటికంటే ఎంతో కిందికి దిగి ఉండేవి. మంచు కదులుతూ కొండను అరగదీస్తుంది. పగుళ్ళలో నీరు గడ్డకట్టి రాళ్ళను చీలుస్తుంది. ఇలా రాయీ రప్పా గుట్టలు గుట్టలుగా పోగుపడింది. మన నైరుతి ఋతుపవనాలు కూడా ఆ రోజుల్లో బలహీనంగా ఉండేవి. నదికి సరుకు కొండంత, శక్తి గోరంత. ఆ తరువాత చలి తగ్గి మంచు వెనక్కి తగ్గుతూ వచ్చేసరికి, అది పట్టి ఉంచిన రాళ్ళూ మట్టీ వదులై నదిలోకి జారాయి. లోయ నిండిపోసాగింది. అలకనంద లోయలో ఇలా నిండిన కాలాల్లో ఒకటి సుమారు 18 వేల ఏళ్ళ నుంచి 11 వేల ఏళ్ళ క్రితం దాకా సాగిందని పరిశోధకులు లెక్కకట్టారు. దానికి ముందు కూడా లోయ ఒకసారి నిండిన ఆనవాళ్ళున్నాయి.

సుమారు 11 వేల ఏళ్ళ క్రితం మరో మార్పు వచ్చింది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా ఉండదు కదా. ఏడాదిలో ఒకసారి సూర్యుడికి బాగా దగ్గరవుతుంది. ఇప్పుడు అది జనవరి మొదట్లో జరుగుతోంది. ఆ రోజుల్లో జూన్ చివర ప్రాంతంలో జరిగేది. మన వేసవికి ఆ దగ్గరితనం తోడైతే ఎండ ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేల బాగా వేడెక్కింది, సముద్రం మీది గాలిని గట్టిగా లాగింది, ఋతుపవనాలు బలం పుంజుకున్నాయి. వాన పెరిగింది, నదికి బలం వచ్చింది. నింపుకున్నదాన్ని కోసుకుంటూ కిందికి దిగింది. మా అత్తగారు చూసిన గుండ్రాళ్ళ గట్టు అలా మిగిలిన పాత అడుగే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 18 వేలు, 11 వేలు అని అంత ధీమాగా ఎలా చెబుతారు? ఎవరైనా చూశారా, రాశారా? ఈ సందేహం నాకూ వచ్చింది. ఆ లెక్క కట్టే తీరు తెలిశాక మాత్రం ముచ్చటేసింది.

ఇసుకలో పలుగురాయి రేణువులుంటాయి. ఒక్కొక్క రేణువునూ పిల్లలు డబ్బులు దాచుకునే డిబ్బీ అనుకోండి. చుట్టూ ఉన్న మట్టిలో యురేనియం, థోరియం, పొటాషియం లాంటివి అతి స్వల్పంగా ఉంటాయి. వాటి నుంచి వచ్చే కిరణాల వల్ల ఆ రేణువులో రోజూ కొంచెం కొంచెం శక్తి చేరుతుంది, డిబ్బీలో రోజూ ఒక పైసా పడ్డట్టు. రేణువుకు ఎండ తగిలితే ఆ డిబ్బీ ఖాళీ అయిపోతుంది. నదిలో కొట్టుకొస్తూ ఎండ చూసిన రేణువు ఖాళీ డిబ్బీతో వచ్చి ఒడ్డున పడుతుంది. దాని మీద మరో పొర పడి చీకటి కమ్మగానే మళ్ళీ పైసలు చేరడం మొదలు. ఇప్పుడు ఆ డిబ్బీలో మొత్తం ఎంత ఉందో లెక్కపెట్టి, ఏడాదికి ఎంత చేరుతుందో దానితో భాగిస్తే, ఆ ఇసుక ఎన్నేళ్ళుగా చీకట్లో ఉందో తెలిసిపోదూ?

అందుకే ఆ ఇసుకను ఎండ తగలకుండా తియ్యాలి. గట్టులోకి ఇనుప గొట్టాన్ని సుత్తితో కొట్టి దింపుతారు. బయటికి లాగగానే రెండు మూతులూ మూసేసి, నల్లగుడ్డో నల్లటి కవరో చుట్టేస్తారు. ప్రయోగశాలలో కూడా మసక ఎర్రదీపం వెలుతురులోనే తెరుస్తారు. పూర్వం ఫోటో స్టూడియోల్లో ఫిలిం కడగడానికి చీకటిగది ఉండేది చూడండి, అటువంటి గది అన్నమాట. ఆ రేణువుల మీద ప్రత్యేకమైన కాంతి పడేస్తే అవి దాచుకున్నదాన్ని సన్నటి వెలుగుగా వదిలేస్తాయి. అది మన కంటికి ఆనదు, యంత్రం కొలుస్తుంది. డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూవిజ్ఞాన సంస్థ, అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాల ఇటువంటి పనికి మన దేశంలో పేరున్న చోట్లు.

ఇందులోనూ చిక్కు లేకపోలేదు. కొండనది వరద వచ్చినప్పుడు బురదబురదగా ఉంటుంది. ఆ బురదలో కొన్ని రేణువులకు సరిగా ఎండ తగలదు. డిబ్బీ పూర్తిగా ఖాళీ కాకుండానే వచ్చి పాతుకుపోతాయి. అలాంటి రేణువును లెక్కిస్తే అసలు వయసు కంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఒక గుప్పెడు కలిపి లెక్కకట్టకుండా, కొద్ది కొద్ది రేణువులను విడివిడిగా చూసి పోల్చుకుంటారు. పొరల్లో బొగ్గుముక్కో కర్రముక్కో దొరికితే మరీ మంచిది. దానిలోని ఒక రకం కార్బన్ ప్రతి 5,730 ఏళ్ళకూ సగానికి సగం తరిగిపోతుంది కనుక, సుమారు 50 వేల ఏళ్ళ లోపు వయసును దానితో సరిచూసుకోవచ్చు.

నది వయసు తేలింది. వాన సంగతి తేలాలి కదా! ఏ కాలంలో వాన ఎక్కువ, ఏ కాలంలో తక్కువ అన్నది నదిని అడిగి, మళ్ళీ నది నడకకు అదే కారణమంటే, దొంగను సాక్ష్యం అడిగినట్టు ఉంటుంది. అందుకని వాన లెక్క వేరేచోట వెతుకుతారు. మన అరకు దారిలో బొర్రా గుహలు చూశారా? పైనుంచి చుక్క చుక్కగా నీరు పడి, సున్నం పేరుకుని, కింద నుంచి స్తంభాలు లేస్తుంటాయి. అలాంటి స్తంభాన్ని నిలువునా కోస్తే పొరలు కనబడతాయి. నీళ్ళలో ఉండే ఆక్సిజన్‌లో తేలికది, బరువుది అని రకాలున్నాయి. ఋతుపవనాలు బలంగా ఉన్న కాలపు పొరలో బరువు రకం పాలు తగ్గుతుంది, బలహీనపడిన కాలపు పొరలో పెరుగుతుంది. మేఘాలయలోని మౌమ్లూ గుహ స్తంభం ఇలాగే చదివి, సుమారు 4,200 ఏళ్ళ క్రితం ఋతుపవనాలు బాగా తగ్గిపోయాయని కనిపెట్టారు. అక్కడి నుంచి ఇప్పటిదాకా ఉన్న కాలానికి 2018లో ప్రపంచ భూగర్భ శాస్త్రజ్ఞులు మేఘాలయ యుగమనే పేరు పెట్టారు. మన దేశపు రాష్ట్రం పేరు మీద భూమి చరిత్రలో ఒక అధ్యాయమే ఏర్పడిందన్నమాట.

ఇక గుహ చెప్పిన వాన లెక్కనూ, అరుగులు చెప్పిన నది లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మన ఇంటి పద్దులూ, కిరాణా కొట్టువాడి చిట్టా కలిపి చూసుకున్నట్టే.

లెక్కలు ఎప్పుడూ పైసాతో సహా కలుస్తాయా అంటే కలవవు. ఆ మాట కూడా చెప్పాలి. వాన పెరిగితే నది కోసుకుంటుందని ఇందాక అన్నాను. కానీ వాన మరీ పెరిగితే కొండచరియలు విరిగిపడతాయి, సరుకు కూడా పెరుగుతుంది. అప్పుడు ఆ వానే నదిని నింపనూ వచ్చు. కొన్ని లోయలు బలమైన ఋతుపవనాల కాలంలోనే నిండాయని వాదించేవారున్నారు. పైగా హిమాలయాలు ఇంకా ఎదుగుతున్న కొండలు, భూకంపాల కొండలు. ఒక భూకంపం చాలు, ఒక లోయ నిండిపోవడానికి. మరి ఇది వాతావరణం పనా, భూకంపం పనా అని ఎలా తేలుస్తారు?

మన ఇంట్లో కరెంటు పోయిందనుకోండి. ముందు ఏం చేస్తాం? కిటికీ తీసి పక్కింటి వైపు చూస్తాం. వాళ్ళింట్లో దీపాలు వెలుగుతుంటే మన ఫ్యూజు పోయినట్టు. వీధి వీధంతా చీకటైతే తప్పు మన ఇంట్లో లేదు. శాస్త్రజ్ఞులు చేసేదీ అదే. ఒక్క అలకనంద మాత్రమే ఒక కాలంలో నిండితే అది ఆ ఇంటి గొడవ. యమున, సట్లెజ్, సింధు, ఇలా దూర దూరపు లోయలన్నీ ఒకేసారి నిండితే అది వాతావరణం పని. ఇప్పటికి దొరికిన వయసుల్లో కొన్ని కలుస్తున్నాయి, కొన్ని కలవడం లేదు. అందుకే ఆ పని ఇంకా సాగుతోంది.

ఇప్పుడు మన విషయానికి వద్దాం.

వేల ఏళ్ళ పద్దులే కాదు, నది చిల్లర పద్దులు కూడా రాస్తుంది. పాలు పొంగి దిగిన గిన్నెకు పొంగు ఎంతదాకా వచ్చిందో చార అంటుకుని ఉంటుంది చూడండి. పెద్ద వరద వచ్చినప్పుడు నీరు ఉపనదుల మూలల్లోకి ఎగదన్ని, అక్కడ నిలిచి, సన్నటి ఇసుకా ఒండ్రూ ఒక పొరగా వదిలిపోతుంది. వరదకో పొర. వాటి వయసులు కట్టి అలకనంద ప్రాంతపు వెయ్యేళ్ళ పెద్ద వరదల చరిత్రను శాస్త్రజ్ఞులు రాశారు. అది 2013లో అచ్చయింది. ఆ ఏడాదే ఏం జరిగిందో మీకందరికీ తెలుసు.

ఆ సంగతికి ముందు ఇంకా పాతది ఒకటి చెబుతాను. 1893 సెప్టెంబరులో అలకనందకు ఉపనది అయిన బిరహీగంగ మీద, గోహ్నా అనే ఊరి దగ్గర కొండ విరిగిపడింది. నదికి అడ్డంగా సుమారు 270 మీటర్ల ఎత్తున గట్టు పడి, వెనక పెద్ద చెరువు ఏర్పడింది. ఇంజనీర్లు వచ్చి చూసి, నీరు ఎంత చొప్పున పెరుగుతోందో కొలిచి, మరుసటి ఆగస్టుకు ఇది పొంగిపొర్లుతుందని లెక్కచెప్పారు. ఏడాది వ్యవధి దొరికింది. ఆ వ్యవధిని వృథా చెయ్యలేదు. గోహ్నా నుంచి దిగువకు టెలిగ్రాఫు తీగ వేశారు. వంతెనలు విప్పేశారు. ఇంతవరకూ ఎక్కితే ప్రాణానికి భయంలేదని తెలిసేటట్టు కొండవాలుల్లో గుర్తుగా స్తంభాలు కట్టించారు. జనాన్ని పైకి తరలించారు. 1894 ఆగస్టు 25 రాత్రి గట్టు తెగింది. మా అత్తగారు టీ తాగిన ఆ శ్రీనగర్ అంతా తుడిచిపెట్టుకుపోయింది. అయినా పోయినవారు అయిదుగురే. వద్దని పంపేసినా తిరిగి దిగివచ్చిన ఒక ఫకీరు, అతని కుటుంబం. ఆ తరువాత ఊరిని ఇంకా ఎత్తున ఉన్న అరుగు మీద కొత్తగా కట్టారు.

అదీ నది మాట విన్నప్పటి సంగతి. విననప్పటిది 2013. ఆ ఏడు జూన్ 16, 17 తేదీల్లో కుండపోతగా వానలు పడ్డాయి. కేదారనాథ్ పైన ఉన్న చోరాబారి అనే మంచుకొండ చెరువు కట్ట తెగింది. మందాకిని తాను వదిలేసిన పాత దారిలోకి మళ్ళీ వచ్చింది. చనిపోయినవారు, కనబడకుండా పోయినవారు కలిసి 5 వేల మందికి పైనే. మన తెలుగువారు కూడా ఎందరో రోజుల తరబడి కొండల్లో చిక్కుకుని, ఇంటి దగ్గరివాళ్ళు ఫోను కోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నారు. దిగువన శ్రీనగర్‌లో నది ఒడ్డు పేటలు ఇసుకా బురదా కింద కూరుకుపోయాయి. నది తన అడుగును నింపుకుని పైకి లేవడమంటే ఏమిటో, వేల ఏళ్ళ కథ రెండు రోజుల్లో కళ్ళముందు చూపించినట్టయింది. 2021 ఫిబ్రవరి 7న ఋషిగంగ లోయలో కొండకొమ్ము మంచుతో సహా విరిగిపడి, రెండువందల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అది వానాకాలం కూడా కాదు.

భూమి ఇప్పుడు మళ్ళీ వేడెక్కుతోంది. గాలి ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. ఆ తేమ కురిసినప్పుడు ఒక్కుమ్మడిగా కురుస్తుంది. మంచు వెనక్కి తగ్గుతూ వదులు రాళ్ళను విడిచిపోతోంది. మంచుయుగం ముగిసినప్పుడు నదికి సరుకూ నీరూ ఎలా పెరిగాయో, అలాంటి రోజులే మళ్ళీ దగ్గరపడుతున్నాయని శాస్త్రజ్ఞుల ఆందోళన. అప్పుడా లోయల్లో ఇన్ని ఊళ్ళు లేవు. ఇన్ని హోటళ్ళు లేవు, మనమూ లేము. పాత పద్దులు చదవడం ఎందుకంటే ఇందుకే. నది ఎంత ఎత్తుకు లేవగలదో, ఎక్కడెక్కడ తిరిగిందో, ఏ నేల దానిదో అందులో రాసి ఉంది.

ఇకపోతే, ఆ కొండల్లోకి వెళ్ళేటప్పుడు మనం గుర్తుంచుకోవలసినవి నాలుగు మాటలు.

గది తీసుకునేటప్పుడు నది కనబడే గది కావాలని పట్టుబట్టకండి. నదికి ఎత్తుగా, ఏటవాలు కొండకు మరీ ఆనుకోకుండా ఉన్నది చూసుకోండి. చుట్టూ నేలను చూడండి. పాత చెట్లూ, లోతైన మట్టీ ఉన్న అరుగు చాలాకాలంగా నది ముట్టనిది. కొత్తగా మెరిసే బూడిదరంగు ఇసుకా, పచ్చదనం లేని గుండ్రాళ్ళూ ఉంటే నది అక్కడికి ఈమధ్యనే వచ్చి వెళ్ళింది. వీలైనంతవరకూ జూలై, ఆగస్టు నెలలు మానుకోండి. ఇంకొక్కటి, ఇది చాలా ముఖ్యం. వాన కురుస్తుండగా నది ఉన్నట్టుండి సన్నబడిందంటే సంతోషించకండి. పైన ఎక్కడో కొండ విరిగి అడ్డం పడిందని అర్థం. నీరు హఠాత్తుగా చిక్కటి బురదగా మారినా, రాళ్ళు దొర్లుతున్న ఉరుములాంటి చప్పుడు వినబడినా, సామాన్లు చూసుకోవద్దు. పిల్లల చేతులు పట్టుకుని పైకి ఎక్కండి. నది వెంట దిగువకు పరుగెత్తకండి, పైకే.

ఇదంతా తెలుసుకున్నాక ఒకరోజు మధ్యాహ్నం మా అత్తగారి దగ్గర కూర్చుని, "అత్తయ్యగారూ, ఆ గుండ్రాళ్ళను ఎవరూ మోసుకురాలేదండీ. నదే అంత ఎత్తున పారింది. నది దిగిపోయింది, రాళ్ళు మిగిలాయి" అని చెప్పాను. ఆవిడ కాసేపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఊరుకున్నారు. తరువాత, "అయితే ఆ రాత్రి మనం పడుకున్న సత్రం?" అన్నారు.

ఆ సత్రం మెట్లు దిగితే పాదాలు తడిసేవి. నది పాట వింటూ నిద్రపోవచ్చని ఏరికోరి నేనే ఆ గది అడిగి తీసుకున్నాను. కిటికీ కింద అంతా గుండ్రాళ్ళే.

"నది గదిలోనే పడుకున్నామన్నమాట" అన్నారు అత్తగారు. "పోనీలే, ఆ పూట ఆవిడ ఇంటికి రాలేదు. ఈసారి వెళ్తే పై అరుగు మీద అడుగుదాం."

మీరు కూడా పై అరుగు మీదే అడగండి.